పర్యాటకుడి వంద రూపాయలు



ఈ కాసేపూ మీతో ఒక్క విషయమే మాట్లాడతాను. మనం ఏదో ఒక ఊరు చూడడానికి వెళ్తాం. అక్కడ డబ్బు ఖర్చు పెడతాం. ఆ డబ్బు ఆ ఊళ్లో ఎంతసేపు ఉంటుంది? ఎన్ని చేతులు మారుతుంది? ఇదే ఇవాల్టి మాట. లెక్క సులువుగా ఉండడానికి వంద రూపాయలు అనుకుందాం. ఆ వంద రూపాయల వెంట మనమూ నడుద్దాం.

విజయవాడ నుంచి ఒక కుటుంబం అరకు వెళ్లిందనుకోండి. నీళ్ల సీసాలు విశాఖపట్నంలోనే కొనుక్కున్నారు. చిప్స్ ప్యాకెట్లు, పులిహోర వెంట తెచ్చుకున్నారు. కారు విశాఖదే, డ్రైవరూ విశాఖ మనిషే. దిగిన హోటలు ఎక్కడో ఉన్న కంపెనీది. ఆ హోటలు వంటింట్లోకి కూరగాయలు కింది నుంచి వ్యానులో వచ్చాయి. బొర్రా గుహలు చూశారు. పిల్లకి ఒక బొమ్మ కొన్నారు. అది ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైంది. మర్నాడు కొండ దిగిపోయారు. మరి ఆ వంద రూపాయల్లో అరకు లోయకు దక్కిందెంత? గదులు ఊడ్చిన అమ్మాయి కూలి. కార్లు నిలిపేచోట చీటీలు చింపిన కుర్రాడి కూలి. అంతే. ఖాళీ సీసాలు మాత్రం అన్నీ లోయలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు అదే కుటుంబం, అవే వంద రూపాయలు. ఈసారి ఊరి కుర్రాణ్ణి గైడుగా పెట్టుకున్నారు. మధ్యాహ్నం ఒక గిరిజన కుటుంబం వండిపెట్టిన భోజనం చేశారు. కాఫీ పొడి అక్కడి రైతుల దగ్గరే కొన్నారు. వంట చేసిన అమ్మ ఆ డబ్బులో కొంత పట్టుకుని వారపు సంతకు వెళ్లింది. కూరలు కొంది. కూరలమ్మినామె ఆ డబ్బుతోనే చీరల కొట్టుకు వెళ్లింది. చీరలాయన జీపెక్కి కిరాయి ఇచ్చాడు. జీపు నడిపే మనిషి కొడుక్కి నోటు పుస్తకాలు కొన్నాడు. చూశారా, డబ్బు కొండ దిగేలోపల ఎన్ని చేతులు మారిందో!

ఖర్చు పెరగలేదు. వెళ్లిన కుటుంబం అదే. చూసిన కొండలూ అవే. ఊరికి దక్కింది మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది.

ఈ లెక్క వేసినవాళ్లలో మనం మొదటివాళ్లం కాదు. దీని వెనక డెబ్భై ఏళ్ల పైబడిన కథ ఉంది. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో హవాయి దీవులున్నాయి. అక్కడి హొనొలులు నగరంలో లారిన్ థర్‌స్టన్ అనే పత్రికాధిపతి ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి కొన్నేళ్లయింది. విమానాల్లో దూరాభారాలు వెళ్లడం అప్పుడప్పుడే జనానికి అలవాటవుతోంది. పసిఫిక్ చుట్టూ ఉన్న దేశాల ప్రయాణ వ్యాపారులూ, ప్రభుత్వాలూ ఎవరి దారి వాళ్లు చూసుకోకుండా ఒకచోట కూర్చుంటే బాగుంటుందని ఆయన అనుకున్నాడు. అలా 1951లో ఒక సంఘం పుట్టింది. 1952 జనవరిలో హొనొలులులోనే మొదటి మహాసభ జరిగింది. ఇవాళ దాని పేరు పసిఫిక్ ఆసియా ట్రావెల్ అసోసియేషన్. క్లుప్తంగా పాటా అంటారు. ప్రధాన కార్యాలయం చాలాకాలం అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండేది. 1998లో బ్యాంకాక్‌కి మారింది. ప్రభుత్వాల పర్యాటక శాఖలు, విమాన సంస్థలు, హోటళ్లు, ట్రావెల్ ఏజెంట్లు, టూరిజం కాలేజీలు ఇందులో సభ్యులు. లాభం కోసం నడిచే సంస్థ కాదు. ఇది ఏటా జరిపే ట్రావెల్ మార్ట్ 2008లో మన హైదరాబాదులోనే జరిగింది.

మొదట్లో ఆ సంఘానికి ఉన్న కోరిక ఒక్కటే. ఎక్కువ మంది రావాలి, ఎక్కువ ఖర్చు పెట్టాలి. 1961లో పసిఫిక్, తూర్పు ఆసియా దేశాల పర్యాటకం మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. దాన్ని రాయించినవాళ్లలో అమెరికా వాణిజ్య శాఖతో పాటు పాటా కూడా ఉంది. పర్యాటకుడు ఖర్చు పెట్టిన ఒక్కో డాలరు ఏడాదిలో మూడు సార్లకు పైగా చేతులు మారుతుందని ఆ నివేదిక చెప్పింది. ప్రభుత్వాలకు ఆ మాట ఎంతో నచ్చింది. తర్వాత ఆర్థికవేత్తలు ఆ లెక్కను విప్పి చూశారు. ఇంత ఆశ పనికిరాదన్నారు. హోటల్లో వడ్డించే మాంసం బయటి దేశం నుంచి వస్తే, ఆ డాలరు ఆ పూటే ఓడెక్కి వెళ్లిపోతుంది కదా! మద్యం బయటిదైతే అంతే. లాభం బయటి యజమానిదైతే అంతే. ఎన్ని చేతులు మారుతుందన్నది ఊరిని బట్టి ఉంటుంది. ఊళ్లో ఏం పండుతుంది, ఊళ్లో ఎవరికి పని దొరుకుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నా మట్టుకు నాకు ఆ నివేదిక మీద గౌరవమే ఉంది. దాని జవాబు నిలబడలేదు. కానీ అది అడిగిన ప్రశ్న ఇవాళ్టికీ పనికొస్తోంది. పర్యాటకుడి డబ్బు ఎన్ని చేతులు మారుతోంది?

ఇక్కడ మీకో సందేహం రావచ్చు. హోటలు వాళ్లు ఒకరికొకరు పోటీ కదా, వాళ్లకు సంఘం ఎందుకు? మన చెరువు సంగతి గుర్తు చేసుకోండి. చెరువు కింద నలభై మంది రైతులుంటారు. ఎవరి మడి వాళ్లది. తడి దగ్గర మాటా మాటా అనుకుంటారు. కానీ కట్టకు గండి పడితే అందరూ తట్టా పారా పట్టుకుని వస్తారు. ఎండాకాలంలో పూడిక తీయడానికీ వస్తారు. నీళ్లు వదలడానికి నీరటిని పెట్టుకుంటారు. ఎవరూ ఒక్కడే కట్ట వేసుకోలేడు. సముద్రతీరం, అడవి, కొండ, పాత కోట, ఇవన్నీ పర్యాటకానికి చెరువు లాంటివి. వాటి మీద బతికేవాళ్లు ఎందరో ఉంటారు. చూసుకోవడం మాత్రం అందరూ కలిస్తేనే అయ్యే పని. సంఘం అవసరం అక్కడుంది.

అందరూ కలవకపోతే ఏమవుతుందో ఫిలిప్పీన్స్‌లో చూశారు. అక్కడ బొరాకాయ్ అనే చిన్న దీవి ఉంది. తెల్లని ఇసుక. ఏడాదికి లక్షల మంది వెళ్లేవారు. కొన్ని హోటళ్లు, ఇళ్లు మురుగునీటిని నేరుగా సముద్రంలోకి వదిలేశాయి. చివరికి ప్రభుత్వం 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలల పాటు దీవి మొత్తాన్ని పర్యాటకులకు మూసేసింది. మురుగు శుద్ధి చేసుకున్న హోటలూ మూతపడింది, చేసుకోని హోటలూ మూతపడింది. పడవ నడిపేవాడికి పని పోయింది. కొబ్బరిబోండాలు అమ్మేవాడికి పోయింది. థాయిలాండ్‌లో మాయా బే అనే చిన్న అఖాతాన్ని కూడా అదే ఏడాది మూశారు. అక్కడ ఒక హాలీవుడ్ సినిమా తీసినందువల్ల అది ప్రపంచమంతటికీ తెలిసిపోయింది. పడవల తాకిడికి అక్కడి పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 2022 జనవరి దాకా తెరవలేదు. తెరిచాక కూడా పడవలను అఖాతం లోపలికి రానివ్వడం లేదు. వెనక వైపు దిగి నడిచి రావాలి. ఒక్కసారికి ఇంతమందే అని లెక్క పెట్టారు.

పాటా లాంటి సంఘం ఇప్పుడు ఇలా అందరూ కలిసి చూసుకోవాల్సిన పనుల మీద మనసు పెడుతోంది. ఒక చిన్న సంగతి చెబుతాను. హోటళ్లలో పొద్దున బఫే ఉంటుంది కదా. పదిన్నరకు తలుపు మూసేటప్పటికి ఎంత ఇడ్లీ, ఎంత ఉప్మా, ఎన్ని పండ్ల ముక్కలు మిగిలిపోతాయో అక్కడ పనిచేసిన ఎవర్ని అడిగినా చెబుతారు. ఆ వృథాను తూకం వేసి, రాసి, తగ్గించుకునే పద్ధతులు నేర్పడానికి 2018లో పాటా ప్రత్యేకంగా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పారేసిన అన్నం కూడా ఎవరి చేతికీ అందని డబ్బే.

ఇక కేరళకు వద్దాం. వంద రూపాయలను ఊళ్లో ఎలా ఆపవచ్చో చూడాలంటే కుమరకం చూడాలి. కొట్టాయం దగ్గర, వెంబనాడ్ సరస్సు ఒడ్డున ఉంది. కాలువలు, వరి చేలు, కొబ్బరి చెట్లు. కోనసీమ వాళ్లు వెళ్తే తమ ఊరికే వచ్చామనుకుంటారు. పెద్ద పెద్ద రిసార్టులు వచ్చాయి. దేశదేశాల నుంచి జనం వచ్చారు. కానీ ఊళ్లో అసంతృప్తి పెరిగింది. పొలాలు పోయాయి. చేపలు పట్టేవాళ్లకు సరస్సు ఒడ్డుకు వెళ్లే దారులు మూసుకుపోయాయి. ఉద్యోగాలు బయటివాళ్లకు వెళ్లాయి. కూరగాయలు బయటి మార్కెట్ల నుంచి వచ్చాయి. గొడవలయ్యాయి, ధర్నాలయ్యాయి.

2008లో కేరళ పర్యాటక శాఖ నాలుగు చోట్ల బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టింది. అన్నిచోట్లా ఒకేలా సాగలేదు. కుమరకంలో సాగింది. ఎందుకంటే అక్కడ పంచాయతీ ముందుండి నడిపింది. హోటళ్ల వాళ్లనూ, కుడుంబశ్రీ మహిళా సంఘాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ముందు హోటళ్లను ఒకటే అడిగారు: మీ వంటింటికి రోజూ ఏమేం కావాలి? ఏ నెలలో ఎంత కావాలి? దాన్ని బట్టి ఏ గుంపు ఏం పండించాలో అనుకున్నారు. ధర నిర్ణయించడానికి ఒక కమిటీ పెట్టుకున్నారు. సరుకు నాణ్యత చూడడానికి ఇంకొకటి.

ఇది వింటే సులువుగా ఉంటుంది. చేసేటప్పుడు కాదు. హోటలు షెఫ్‌కి పొద్దున ఏడింటికల్లా బెండకాయలు కావాలి. అన్నీ ఒకే సైజులో కావాలి. ఇవాళ వర్షం, రేపు తెస్తాం అంటే కుదరదు. ఇటు పెరట్లో నాలుగు పాదులున్న ఆడమనిషికి డబ్బు వారం తర్వాత ఇస్తామంటే కుదరదు. ఆమెకు ఆ పూటే కావాలి. ఈ రెండు అవసరాలనూ కలపాలి. మధ్యలో నిలబడి సరుకు సేకరించి, తూకం వేసి, హోటలుకి పంపి, డబ్బు పంచే మనిషి కావాలి. అసలు పని అదే. కుమరకంలో ఓపికగా ఆ ఏర్పాటు చేసుకున్నారు. బీడు పడ్డ పొలాల్లో కొన్ని మళ్లీ సాగులోకి వచ్చాయి. వచ్చిన అతిథులను ఊరు చూపించడానికి తీసుకువెళ్లడం మొదలైంది. కొబ్బరి పీచుతో తాడు పేనేవాళ్లను, మొగలి ఆకులతో చాపలు అల్లేవాళ్లను, కల్లు గీసేవాళ్లను చూపిస్తారు. ఆ పని చేస్తున్న మనిషికి అలా చూపించినందుకు డబ్బు అందుతుంది. కేరళ చేసిన ఈ పనికి ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2013 సంవత్సరానికి యులిసెస్ అవార్డు ఇచ్చింది. 2017లో కేరళ దీన్ని రాష్ట్రమంతటికీ మిషన్‌గా మార్చింది.

ఇప్పుడు యువత సంగతి. నా మనసుకు బాగా దగ్గరైన మాట ఇదే, కాస్త శ్రద్ధగా వినండి.

డబ్బు చేతులు మారాలంటే ముందు చేతులుండాలి. ఆ చేతులు ఆ ఊరి పిల్లలవి కావాలి. చాలా పర్యాటక కేంద్రాల్లో జరుగుతున్నదేమిటి? ఊరి కుర్రాడు తోటమాలి అవుతాడు. ఊరి అమ్మాయి గదులు సర్దుతుంది. ఫ్రంట్ ఆఫీసులో కూర్చునేదీ, వంటింటిని నడిపేదీ, మేనేజరయ్యేదీ బయటి నుంచి వచ్చినవాళ్లు. పదేళ్లయినా కుర్రాడు తోటలోనే ఉంటాడు. 2020లో కోవిడ్ వచ్చింది. హోటళ్లు మూతపడ్డాయి. గైడ్లు, డ్రైవర్లు, వెయిటర్లు ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లలో చాలామంది మళ్లీ ఈ రంగంలోకి రాలేదు. ఇవాళ హోటల్ యజమానులు పనివాళ్లు దొరకడం లేదని బాధపడుతుంటారు. నిజమే. కానీ ఆ పిల్లల వైపు నుంచి కూడా ఒక్కసారి వినాలి. పండగ పూట సెలవుండదు. పన్నెండు గంటల షిఫ్టు. సీజన్ అయిపోతే ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. పై మెట్టు ఎక్కే దారి కనబడదు. దారి కనబడని చోట ఏ పిల్లవాడు నిలబడతాడు చెప్పండి?

ఇది ఒక్క హోటలు తీర్చగలిగే సమస్య కాదు. నేను డబ్బు ఖర్చు పెట్టి నేర్పితే పక్క హోటలు వాడు తీసుకుపోతాడని ప్రతి యజమానికీ భయమే. అందుకే అందరూ కలిసి నేర్పాలి. సంఘం చేయాల్సిన పని ఇది. పాటాకు అనేక దేశాల్లో కాలేజీ విద్యార్థుల శాఖలున్నాయి. తన పెద్ద సమావేశాలతో పాటు యువతకు వేరుగా సదస్సు పెడుతుంది. ఈ రంగంలో ఎదుగుతున్న ఒక యువ ఉద్యోగికి ఫేస్ ఆఫ్ ద ఫ్యూచర్ అనే అవార్డు ఇస్తుంది. అవార్డు అందుకున్నవాళ్లను తన కార్యవర్గ సమావేశాల్లో కూర్చోబెట్టుకుంటుంది. ఓటుహక్కు ఉండదు. ఉంటే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. అయినా పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు నిర్ణయాలు తీసుకునే గదిలో ఇరవై, ముప్పై ఏళ్ల మనిషికి కుర్చీ వేయడం మంచి పనే. మన జిల్లా హోటల్ సంఘాల్లో ఆ కుర్చీ ఇంకా చాలాచోట్ల వేయలేదు. వేయాలి.

మన తెలుగునాట ఒక ఊరి గురించి చెబుతాను. భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే వచ్చి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు. అక్కడే భూదానోద్యమం మొదలైంది. హొనొలులులో పాటా పుట్టిందీ అదే ఏడాది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ప్రపంచమంతటా ఎంపిక చేసిన 44 ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పోచంపల్లి ఒకటి. హైదరాబాదు నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

మరి అక్కడ వంద రూపాయలు ఏమవుతాయి? వెళ్లినవాళ్లు మగ్గం దగ్గర ఫొటో తీసుకుంటారు. బాగుందంటారు. చీర మాత్రం హైదరాబాదులో ఏసీ షోరూమ్‌లో కొంటారు. అప్పుడు ఊళ్లో ఏమీ ఆగలేదు. అదే చీర ఊళ్లో, నేసినవాళ్ల దగ్గరో, సహకార సంఘంలోనో కొన్నారనుకోండి. ఒక ఇక్కత్ చీర వెనక ఎంతమంది ఉంటారో! నూలుకు ముడులు కట్టేవాళ్లు, రంగులద్దేవాళ్లు, ఆసు పోసేవాళ్లు, మగ్గం మీద కూర్చునేవాళ్లు. ఆసు పోసి పోసి తల్లి భుజాలు పడిపోవడం చూడలేక చింతకింది మల్లేశం యంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ ప్రాంతం బిడ్డే. ఇంత కథ ఆ చీరలో ఉంది. దాన్ని వచ్చినవాళ్లకు చెప్పేదెవరు? నాన్న మగ్గం మీద చేసే పనిని తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో వివరించగల ఆ ఇంటి కూతురు చెప్పాలి. ఆమెకు గైడుగా జీతం రావాలి. అప్పుడు మగ్గం వదిలి హైదరాబాదుకు ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోయే పిల్లల్లో కొందరికైనా ఊళ్లోనే పని దొరుకుతుంది.

ఇలాంటి చదువు మన దగ్గర ఉంది. హైదరాబాదు గచ్చిబౌలిలో పర్యాటక, ఆతిథ్య నిర్వహణ జాతీయ సంస్థ ఉంది. నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ వారి టూరిజం, ట్రావెల్ మేనేజ్‌మెంట్ సంస్థ ప్రాంగణం ఉంది. బడి పిల్లల కోసం యువ టూరిజం క్లబ్బులున్నాయి. చదువుకున్న పిల్లలు పెద్ద నగరాలకు వెళ్లవద్దని నేను అనను. కానీ వాళ్లలో కొందరు లంబసింగిలో, గండికోటలో, దిండిలో, రామప్ప దగ్గర పనిచేయాలంటే అక్కడ నిలబడే జీతం ఉండాలి. ఆ ఊళ్ల హోటళ్లూ, హోమ్‌స్టేలూ కలిసి నిర్ణయించుకోవాల్సిన మాట అది.

ప్రయాణం కట్టబోతున్న శ్రోతలకు ఒక్క మాట. గది మాట్లాడుకునేటప్పుడు ఫోనులో ఒక ప్రశ్న అడగండి. మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఈ ఊరివాళ్లు ఎవరు, ఏం పని చేస్తారు? అంతే. మళ్లీ చెబుతున్నాను. ఈ ఊరివాళ్లు ఎవరు, ఏం పని చేస్తారు? పదిమంది అడిగితే యజమాని ఆలోచిస్తాడు. వందమంది అడిగితే జవాబు తయారుచేసుకుంటాడు. ఊరి భోజనం దొరుకుతుందా అని అడగండి. గైడుకు బేరమాడకుండా ఇవ్వండి.

పర్యాటకులు వచ్చే ఊళ్లో ఉండి ఈ మాటలు వింటున్న యువతీయువకులకు ఇంకో మాట. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఒక నెల రోజులు రాయండి. ఎడమ పేజీలో మీ ఊరికి వచ్చినవాళ్లు ఏమేం కొంటున్నారో రాయండి. టిఫిను, పాలు, గుడ్లు, అరటిపళ్లు, నీళ్లు, కారు కిరాయి, బొమ్మలు, బట్టలు, అన్నీ. కుడి పేజీలో అది ఎక్కడి నుంచి వస్తోందో రాయండి. ఊళ్లోదా, బయటిదా. బయటి నుంచి వచ్చేవాటిలో మీ ఊళ్లో తయారుచేయగలిగినవి రెండో మూడో కనబడతాయి. వాటితో మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు. పాలు కావచ్చు, గుడ్లు కావచ్చు, సాయంత్రం ఊరు తిప్పి చూపించడం కావచ్చు. ఆ పుస్తకం పట్టుకుని డ్వాక్రా సంఘం దగ్గరికి వెళ్లండి, పంచాయతీకి వెళ్లండి, తర్వాత హోటలు మేనేజరు దగ్గరికి వెళ్లండి. ఏ రోజు ఎంత సరుకు ఇవ్వగలరో, డబ్బు ఏ రోజు ఇవ్వాలో ముందే కాగితం మీద రాసుకోండి. ఒక వారం సరుకు తప్పకుండా అందిస్తే, రెండో వారం మేనేజరే ఫోను చేస్తాడు.